మన బడి మెట్లు, మన ఊరి ఓటు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవం. 1950లో సరిగ్గా అదే రోజున ఎన్నికల సంఘం ఏర్పడింది. ఏటా లాగే పిల్లలతో ప్రతిజ్ఞ చేయిస్తాం, ఊళ్లో ర్యాలీ తీస్తాం. పదో తరగతి స్పెషల్ క్లాసుల టైమింగ్స్, పిల్లల హాజరు సంగతులు వెనక పేజీలో ఇచ్చాం, తప్పకుండా చూడండి. ఈ పేజీలో మాత్రం మన బడి మెట్ల గురించి, చక్రాల బండి ఎక్కే ర్యాంపు గురించి మీతో మాట్లాడాలి.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన బడే పోలింగ్ కేంద్రం. 2023 నవంబర్ 30న అసెంబ్లీ ఎన్నికలకు నాకు డ్యూటీ పడలేదు. గదుల తాళాలు, నీళ్లు, కరెంటు చూసుకోవడానికి పొద్దున్నే బడికి వచ్చాను. తొమ్మిది గంటలప్పుడు మన బడి పిల్ల ఒకామె తండ్రి మూడు చక్రాల బండి మీద వచ్చాడు. చేత్తో తిప్పుకునే బండి. ర్యాంపు సగం దాకా ఎక్కించి ఆగిపోయాడు, బండి వెనక్కి జారుతోంది. లైన్లో ఉన్న నలుగురు పోరగాళ్లు మంచి మనసుతోనే ఉరికొచ్చి ఆయన్ని చేతుల మీద ఎత్తుకొని లోపలికి తీసుకుపోయారు. చొక్కా పైకి లేచిపోతుంటే ఒక చేత్తో కిందికి లాక్కుంటున్నాడు, ఇంకో చేతిలో ఓటర్ స్లిప్ నలిగిపోతోంది. వేపచెట్టు కింద నిలబడి బిడ్డ చూస్తూనే ఉంది. మర్నాడు ఆ పిల్ల క్లాసులో ఎవరితోనూ మాట్లాడలేదని వాళ్ల టీచర్ చెప్పింది.

ఆ ర్యాంపు మన బడిది. అంటే ఆ తప్పు నాది కూడా. ర్యాంపు ఉందని ప్రతి ఎన్నికకూ కాగితంలో టిక్కు పెట్టి పంపింది నేనే.

మొన్న ఎనిమిదో తరగతి పిల్లలు నిష్పత్తి–అనుపాతం పాఠం చదువుతుంటే టేపు ఇచ్చి బయటికి తీసుకుపోయాను. అరుగు ఎత్తు 18 అంగుళాలు, ర్యాంపు పొడవు 6 అడుగులు. అంగుళం ఎత్తుకు కనీసం 12 అంగుళాల పొడవు ఉంటేనే చక్రాల కుర్చీ సాఫీగా ఎక్కుతుంది. ఆ లెక్కన మనకు 18 అడుగులు కావాలి, ఉన్నది అందులో మూడో వంతు. పిల్లలు సుద్దముక్కతో నేల మీద 18 అడుగులు గీస్తే గీత నేరుగా జెండా గద్దెకు పోయి తగిలింది. "మేడం, మధ్యలో ఒక మలుపు పెడదాం" అన్నాడు ఒకడు. మలుపు దగ్గర బండి తిప్పుకోవడానికి సాపు జాగా వదలాలని ఇంకో పిల్ల చెప్పింది. ఆ సుద్ద గీతలు ఇప్పుడు తుడుచుకుపోయాయి కానీ కొలతలు నా నోటుబుక్కులో ఉన్నాయి.

ఇది ఎవరో దయతలచి చేసే పని అనుకోకండి. పోలింగ్ కేంద్రాలకు ర్యాంపులు ఉండాలని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 11వ సెక్షన్, ప్రతి పోలింగ్ కేంద్రం వాళ్లకు అందుబాటులో ఉండేలా చూసే బాధ్యతను ఎన్నికల సంఘం మీద పెట్టింది. పోలింగ్ కేంద్రాలు ఎక్కువగా మనలాంటి సర్కారు బళ్లే కాబట్టి ఆ బాధ్యత చివరికి మన గడప దగ్గరికే వస్తుంది.

ఇక మీ ఇళ్లలో చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

చూపు లేనివాళ్లు ఓటేసేటప్పుడు వెంట ఎవరో ఒకరు ఉండాల్సిందేనని చాలామంది అనుకుంటారు. కానీ ఓటింగ్ యంత్రం మీద బటన్ల పక్కన బ్రెయిలీ అంకెలు ఉంటాయి. వాటిని మొదట పరీక్షించి చూసింది కూడా మన దగ్గరే, 2004లో హైదరాబాద్ ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో. ఏ అంకె ఏ అభ్యర్థిదో తెలిపే బ్రెయిలీ కాగితం పోలింగ్ అధికారి దగ్గర ఉంటుంది, అడిగి తీసుకోవాలి. బ్రెయిలీ రానివాళ్లు తోడును తీసుకుపోవచ్చు. ఆ తోడుకు 18 ఏళ్లు నిండాలి, ఆ రోజు ఒక్కరికే తోడుండాలి, ఓటు ఎవరికి పడిందో బయట చెప్పనని రాసివ్వాలి. తాతకు చూపు ఆనదు కదా అని తోడు వెళ్లినవాళ్లు తమకు నచ్చిన గుర్తు నొక్కి రావడం నేను విన్నాను. దయచేసి అలా చేయకండి. అది తాత ఓటు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది వేరే ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి వచ్చే పిల్లల తల్లులతో మాట్లాడుతుంటే ఒకామె, "మా పెద్దోడికి పందొమ్మిది నిండినయి మేడం, వానికి బుద్ధి తక్కువ కదా, ఓటెట్ల ఇస్తరు?" అంది. ఎవరో అలా చెప్పారట, ఆమె నమ్మింది. చట్టంలో ఉన్నది వేరు. మతిస్థిమితం లేదని కోర్టు తేల్చి చెప్తేనే ఓటు పోతుంది. డాక్టర్ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన, చదువు రానంత మాత్రాన, మాట సరిగా రానంత మాత్రాన పోదు. వైకల్యం సర్టిఫికెట్‌లో పర్సంటేజీ ఎంత ఉన్నా పోదు. ఆ అబ్బాయికి నేనే దగ్గర కూర్చొని కొత్త ఓటు నమోదుకు ఇచ్చే ఫారం 6 నింపించాను. ఫోటో దిగడానికి ఇస్త్రీ చొక్కా కావాలని పట్టుబట్టాడు. మీ ఇంట్లో, మీ వాడలో ఇలాంటి పిల్లలుంటే నాకు చెప్పండి. 17 నిండగానే ముందస్తుగా అప్లై చేసుకోవచ్చు.

పేరు ఇప్పటికే లిస్టులో ఉన్నవాళ్లు ఫారం 8 ఇచ్చి దివ్యాంగులమని నమోదు చేయించుకోవాలి. అలా చేస్తేనే ఏ బూత్‌లో ఎంతమందికి వీల్‌చైర్ కావాలో అధికారులకు ముందే తెలుస్తుంది. ఎన్నికల సంఘం యాప్‌లో కూడా వీల్‌చైర్ అడగొచ్చు. యాప్‌తో తిప్పలు పడేవాళ్లు ఓటర్ హెల్ప్‌లైన్ 1950కి కాల్ చేస్తే సరిపోతుంది. పోలింగ్ రోజు దివ్యాంగులు లైన్లో నిలబడే పని లేదు, నేరుగా లోపలికి పంపాలి.

మంచం దిగలేని వాళ్లకు ఇంటి దగ్గరే ఓటు వేసే వీలుంది. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లు, 85 ఏళ్లు దాటినవాళ్లు ఫారం 12డీ ఇవ్వాలి. నోటిఫికేషన్ వచ్చాక ఐదు రోజులే గడువు, అందుకే సర్టిఫికెట్ కాపీ ముందే తీసి పెట్టుకోండి. ఒకసారి ఇంటి ఓటుకు ఒప్పుకున్నాక మళ్లీ బూత్‌కు వచ్చి వేస్తామంటే కుదరదు. కాబట్టి ఇంట్లో పెద్దమనిషికి బూత్‌కు పోవాలని ఆశ ఉంటే ముందు ఆమెనే అడగండి. మా అత్తమ్మ బూత్‌కే పోతానంది. నలుగురిని చూసి, నలుగురితో మాట్లాడి రావచ్చని ఆమె కోరిక.

ర్యాంపు పని సంక్రాంతి సెలవులు అయిపోయాక మొదలుపెడదామని అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో అనుకున్నాం. సిమెంటు, ఇసుక కొంత సమకూరింది. రెండు వైపులా పట్టుకోవడానికి పైపు రెయిలింగ్ ఇంకా కావాలి. మేస్త్రీ పని, వెల్డింగ్ పని తెలిసినవాళ్లు ఒక్క ఆదివారం మాకివ్వండి. మూడు చక్రాల బండి ఆయన కూడా వస్తానన్నాడు. సిమెంటు ఆరకముందే వాలు సరిపోయిందో లేదో చూసి చెప్తాడు. వచ్చేవాళ్లు ఈ ఉత్తరం కింద ఉన్న చీటీ చింపి, పేరు రాసి పిల్లలతో పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల
వరంగల్ జిల్లా