స్పీకర్లు కొనే ముందు తరగతి గదిని కొలవండి

సంపాదకులకు నమస్కారం.

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. ఓసారి డిక్టేషన్‌లో ‘అయస్కాంత ధ్రువం’ అంటే చివరి బెంచీలో ముగ్గురు ‘అయస్కాంత ద్రవం’ అని రాశారు. కోప్పడబోయి ఆగి, వాళ్ల పక్కన కూర్చుని, ఇంకో టీచర్ని అదే వాక్యం చదవమన్నాను. నాకూ ద్రవమనే వినిపించింది. తప్పు పిల్లల చెవులది కాదు, గదిది. నున్నటి గోడలు, టైల్స్ నేల, సిమెంటు కప్పు. ఒక అక్షరం అణగకముందే ఇంకోటి దాని మీద వచ్చి పడుతుంది. పాఠంలో దీన్నే ప్రతినాదం అంటాం.

మేనేజ్‌మెంట్‌కి చెబితే మైకు, స్పీకర్లు పెట్టించారు. హోరు ఇంకా ఎక్కువైంది. మాట పెద్దదైతే గోడల నుంచి తిరిగొచ్చే శబ్దమూ పెద్దదవుతుంది కదా!

ఇక కొలిచి చూద్దామనుకున్నాను. 1895లో హార్వర్డ్‌లో భౌతికశాస్త్రవేత్త వాలెస్ సబీన్ ఈ పనికి రాత్రిళ్లు ఊరు సద్దుమణిగేదాకా కాచుకుని, ఆర్గన్ అనే వాద్యం పైపు మోగించి స్టాప్‌వాచ్ నొక్కేవాడు. మనకు ల్యాప్‌టాప్, మైకు, స్పీకరు ఉంటే చాలు. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. స్పీకర్లోంచి బొంగురు స్వరం నుంచి కీచు స్వరం దాకా ఒకే కూత సాగుతుంది. చివరి బెంచీ మీది మైకు దాన్ని పట్టుకుంటుంది. శబ్దం 60 డెసిబెల్స్ పడిపోవడానికి ఎంతసేపు పడుతుందో సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది.

మొదటిసారి 0.4 సెకన్లు వచ్చింది. ఆ గదిలో చప్పట్లు కొడితే గింగురుమంటుంది, ఇదెలా సాధ్యం? వెతగ్గా వెతగ్గా తెలిసింది: ల్యాప్‌టాప్ సొంత మైకులో నాయిస్ తగ్గించే సెట్టింగ్ ఆన్‌లో ఉంది. మనం కొలవాల్సిన ఆ ప్రతినాదాన్నే అది చెత్తనుకుని తుడిచేస్తోంది! విడిగా కొలత మైకు తెచ్చి, సెట్టింగులన్నీ ఆపి మళ్లీ తీస్తే 2.1 వచ్చింది. ఫ్యాన్ తిరుగుతుంటే, శబ్దం తగ్గడాన్ని చూపే గ్రాఫు తోక కిందికి దిగకుండా అడ్డంగా సాగిపోతుంది, ఆ అంకెనూ నమ్మకూడదు. అందుకే అంకెతో పాటు గ్రాఫూ చూడమంటాను. అమెరికా ప్రమాణం ప్రకారం 283 ఘనపు మీటర్ల లోపు తరగతి గదికి 0.6 సెకన్లు మించకూడదు.

వెనక గోడకు, కప్పుకు దళసరి దూది పలకలు బిగించాక 0.8కి దిగింది. అంతకుముందు కట్టిన పల్చటి కర్టెన్లు బొంగురు స్వరాలను కదిలించలేదు, 125 హెర్ట్జ్ దగ్గర అంకె దాదాపు అలాగే ఉండిపోయింది. మాట స్పష్టతకు ఇంకో కొలత ఉంది. మొదటి 50 మిల్లీసెకన్లలో చెవికి చేరే శబ్దం మాటకు సాయం, ఆ తర్వాత వచ్చేది అడ్డం. సాఫ్ట్‌వేర్ ఆ రెండింటి నిష్పత్తినీ చూపిస్తుంది.

బడులు కట్టించేవారికి నా విన్నపం: స్పీకర్ల బిల్లు పాస్ చేసే ముందు ఖాళీ గదిలో, ఫ్యాన్లు ఆపి, చివరి బెంచీ దగ్గర ఈ కొలత తీయించండి. కాగితం మీద అంకె ఒక్కటే కాదు, రికార్డింగ్ ఫైలు కూడా అడిగి తీసుకోండి.

— ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని