ప్రవేశాల కాలానికి ముందు మా నెట్ సెంటర్ నుంచి ఒక వివరణ

ఎప్‌సెట్ (ఇంజినీరింగ్ వంటి కోర్సుల ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్, దోస్త్ (డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం) దరఖాస్తుల కోసం ఏటా హన్మకొండలోని మా నెట్ సెంటర్‌కు వచ్చే తల్లిదండ్రులకు, విద్యార్థులకు నమస్కారం. ఈసారి పని పద్ధతిలోనూ రుసుములోనూ మార్పులు చేస్తున్నాం. వాటికి కారణం పోయిన ఏడాది మా వల్ల జరిగిన పొరపాటే కాబట్టి ముందు దాని గురించి చెప్పడం న్యాయం.

వెబ్ ఆప్షన్ల (కోరుకున్న కళాశాలలను, బ్రాంచీలను ఆన్‌లైన్‌లో వరుసగా ఎంచుకోవడం) గడువు ముగిసే రోజు రాత్రి, కౌంటర్ ముందు పదిహేను మంది నిలబడి ఉండగా, పరకాల వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి నోట్‌బుక్ కాగితం మీద వరుసగా రాసుకొచ్చిన నలభై కళాశాలల పేర్లను మా కుర్రవాడు హడావిడిగా ఎక్కించాడు. ఒకే యాజమాన్యం కింద దాదాపు ఒకే పేరుతో నడిచే కళాశాలలు కొన్ని ఉన్నాయి. నాలుగో స్థానంలో ఉండాల్సిన కళాశాలకు బదులు దాని జంట కళాశాల కోడ్ పడింది, సీటు సరిగ్గా అక్కడే వచ్చింది. ర్యాంకు, రిజర్వేషన్, స్థానికతలను బట్టి వరుసను పైనుంచి చూసుకుంటూ వచ్చి, కుదిరిన మొదటి ఆప్షన్ దగ్గరే కేటాయింపు ఆగిపోతుంది కనుక కిందనున్నవేవీ లెక్కలోకి రాలేదు. తర్వాతి విడతలో మళ్లీ ప్రయత్నించేసరికి ఆయన కోరిన చోట ఆ బ్రాంచిలో ఖాళీ లేదు. ఆయన కేకలు వేయలేదు, ‘మేం రాసిచ్చిన కాగితం ఏది సార్?’ అని మాత్రం అడిగారు. దాన్ని మేం ఆ రాత్రే చెత్తబుట్టలో వేశాం. తీసుకున్న మూడు వందలు తిరిగి ఇచ్చాను కానీ, ఆయన అబ్బాయి ఇప్పటికీ రోజూ రెండు బస్సులు మారి వెళ్తున్నాడు.

చాలామంది ఫీజుల గురించి, తేదీల గురించి, స్కాలర్‌షిప్ గురించి మా కౌంటర్ దగ్గరే గొడవ పడుతుంటారు కాబట్టి ఏది ఎవరి చేతిలో ఉందో కూడా చెబుతాను. 1986 నాటి జాతీయ విద్యా విధానం రాష్ట్రస్థాయి మండళ్లను సూచించిన తర్వాత, 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి ఉన్నత విద్యామండలిని ఏర్పాటు చేసింది, విభజన తర్వాత తెలంగాణకు వేరే మండలి వచ్చింది. మండలి తరఫున ఎప్‌సెట్‌ను జేఎన్‌టీయూ హైదరాబాద్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయం నిర్వహిస్తుంది, సీట్ల కేటాయింపును సాంకేతిక విద్యాశాఖ చూస్తుంది. కళాశాలకు అనుమతి ఇచ్చేది ఢిల్లీలోని ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను పర్యవేక్షించే జాతీయ సంస్థ), అనుబంధ గుర్తింపు ఇచ్చేది విశ్వవిద్యాలయం. ప్రైవేటు కళాశాల ఫీజును ప్రతిపాదించేది, 2003 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత రాష్ట్రాల్లో వచ్చిన కమిటీల కోవకు చెందిన ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ. వీటన్నిటి మధ్య తేదీలు కుదర్చడం మండలి పనుల్లో ఒకటి, నా దృష్టిలో అన్నిటికన్నా కష్టమైనది. ఒకచోట అనుబంధ గుర్తింపు ఆలస్యమైతే సీట్ల జాబితా ఆలస్యమవుతుంది, దాంతో ఆప్షన్ల తేదీ జరుగుతుంది, మా ఫోను మోగుతూనే ఉంటుంది.

డిగ్రీ ప్రవేశాల్లో మండలి తెచ్చిన మార్పు మా వ్యాపారాన్ని నేరుగా తాకింది. 2016లో దోస్త్ రాకముందు ప్రతి కళాశాలకూ వేరే దరఖాస్తు ఉండేది, ఒక్కో విద్యార్థి ఐదారు సెట్ల జిరాక్స్ తీయించుకునేవాడు. ఉస్మానియా, కాకతీయ, శాతవాహన వంటి విశ్వవిద్యాలయాలన్నిటికీ ఒకే దరఖాస్తు అయ్యాక ఆ ఆదాయం పోయింది. అయినా ఊళ్లు తిరిగే బస్సు ఖర్చు తప్పింది కాబట్టి ఇదే మేలని నా అభిప్రాయం.

ఫీజు రీయింబర్స్‌మెంట్ (అర్హులైన విద్యార్థుల ఫీజును ప్రభుత్వం భరించే పథకం) మండలిది కాదు, సంక్షేమ శాఖలది. ఈపాస్ అనే ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టడం వరకే మా పని. ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదని కళాశాల సర్టిఫికెట్లు ఆపితే మేం చేయగలిగింది ఏమీ లేదు, చేయిస్తామని చెప్పి డబ్బు తీసుకునేవారిని నమ్మకండి.

ఇంకొక సంగతి కూడా దాచను. మూడేళ్ల క్రితం ఒక ప్రైవేటు కళాశాల మాకు ప్రింటర్ ఇచ్చి, షాపు ముందు ఫ్లెక్సీ పెట్టించింది. ఏది మంచి కళాశాల అని అడిగినవారికి ఆ పేరు ముందుగా చెప్పిన సందర్భాలు ఉన్నాయి. ఫ్లెక్సీ తీసేశాం, ప్రింటర్ వెనక్కి పంపించాం. ఇకపై కళాశాలల ప్రతినిధుల నుంచి ఏమీ తీసుకోం, ఫలానా కళాశాల మంచిదని చెప్పం.

ఈ సీజన్ నుంచి ఆప్షన్ల వరుసను మీరే కళాశాల కోడ్‌తో సహా రాసి తేవాలి, పాస్‌వర్డ్ మీరే టైపు చేయాలి. ఎక్కించిన తర్వాత ప్రింటు తీసి, కోడ్‌లను ఒక్కొక్కటిగా పైకి చదివి, ఇద్దరం సంతకాలు చేసి చెరొక ప్రతి ఉంచుకుంటాం. దీనికి ఒక్కొక్కరికి ముప్పావు గంట పడుతుంది కనుక రోజుకు పన్నెండు మందికే టోకెన్లు ఇస్తాం, రుసుము మూడు వందల నుంచి నాలుగు వందలకు పెరుగుతుంది. గడువు చివరి రోజు సాయంత్రం ఆరు తర్వాత కొత్తవారిని తీసుకోం. ఆదాయ ధ్రువపత్రం ప్రవేశం తీసుకునే ఏడాది జనవరి 1 తర్వాత తీసుకున్నదేనా అని ఇంటి దగ్గరే చూసుకుని రండి.