డిసెంబరు పోటీ సంగతి

కాకినాడ,
ఆదివారం రాత్రి

ఒరే శీనూ,

నువ్వు పంపిన నాలుగు ఫొటోలూ చూశాను. మూడోది మా ఆవిడ కూడా చూసి, "శీను అన్నయ్యగారు చిక్కిపోయారేంటి, ఒంట్లో బాగుందా?" అంది. నువ్వేమో దాని కింద "లాట్స్ వస్తున్నాయి చూడు" అని రాశావు. నవ్వానని కోప్పడకు. ఫోన్‌లో చెబితే సగంలోనే అడ్డం పడి వాదిస్తావు, అందుకే పిల్లలు పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను.

లాట్స్, అదే వీపు పక్కల రెక్కల్లాంటి కండలు, వచ్చాయి, కాదనను. ఎనిమిది నెలల కిందట మీ గృహప్రవేశంలో మెట్లెక్కి ఆయాసపడిన మనిషివి, ఇవాళ పుల్అప్స్ తీస్తున్నావంటే ముందు నీకో దండం. కానీ "డిసెంబరు బాడీబిల్డింగ్ పోటీకి పేరిచ్చేస్తున్నా, మా కోచ్ 12 వారాల ప్యాకేజీ ఇస్తానంటున్నాడు, ఏమంటావ్?" అని అడిగావు చూడు, నేననేది ఒక్కటే. ఈ డిసెంబరుకి వద్దు.

నువ్వు చెప్పిన లెక్కలే తీసుకుందాం. మీ జిమ్‌లో మెషిన్ ఎక్కితే 72 కిలోలు, కొవ్వు 22 శాతం అని వచ్చిందన్నావు. ఆ మెషిన్లని నేను పెద్దగా నమ్మను, పొద్దున ఒకటీ సాయంత్రం ఒకటీ చెబుతాయి. సరే, నిజమే అనుకుందాం. అంటే నీ ఒంట్లో కొవ్వు దాదాపు 16 కిలోలు, మిగతా 56 కిలోలూ ఎముకా కండా నీళ్లూ అన్నీ కలిపి. స్టేజ్ మీద కండల గీతలు తేలాలంటే కొవ్వు ఐదారు శాతానికి దిగాలి. కండ ఒక్క గ్రాము పోకుండా దిగావనుకో, అప్పుడు కూడా నువ్వు తేలేది 60 కిలోల దగ్గర. నీ ఎత్తేమో ఐదడుగుల తొమ్మిదంగుళాలు. 60 కిలోల క్లాసులో నీ పక్కన నిలబడేవాడు ఐదడుగుల మూడంగుళాలుంటాడు, పదేళ్లుగా బరువులెత్తుతుంటాడు, రోకలిబండలా ఉంటాడు. నువ్వు పక్కన కరెంటు స్తంభంలా ఉంటావు. బరువు ఇద్దరిదీ ఒకటే మరి!

ఇక 12 వారాల్లో 12 కిలోలు అంటే వారానికో కిలో. స్టెరాయిడ్ మందుల జోలికి పోకుండా పోటీ చేసేవాళ్లకి, విషయం తెలిసినవాళ్లు చెప్పేది వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం దాకా. నీకైతే 360 నుంచి 720 గ్రాములు. అంతకన్నా దూకుడుగా దిగితే పోయేదాంట్లో కండ వాటా పెరుగుతుంది. నీకున్న కండే ఎనిమిది నెలలది, అందులోంచి కూడా అప్పు తీరుస్తావా? మా అమ్మమ్మ అనేది, కుండలో కూడు కదలకూడదు, పిల్లాడు మాత్రం దుడ్డులా పెరగాలి అని. మీ కోచ్ ప్యాకేజీ అచ్చం అదే. కండ తేలిగ్గా పట్టేది మొదటి రెండేళ్లే. ఆ రెండేళ్లలో కడుపునిండా తిని బరువులు పెంచుకోవాల్సిందిపోయి, మూడు నెలలు పస్తులుండి ఇంకో నాలుగు నెలలు ఆ పస్తుల నుంచి కోలుకుంటావు. ఏడాది పోయినట్టే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2009లో నేను చేసింది నీకు సగమే తెలుసు. అప్పుడు నువ్వు బెంగళూరులో ఉన్నావు. "పోటీకెళ్లాను, మెడల్ రాలేదు" అని మాత్రం చెప్పాను కదా. మిగతాది ఇప్పుడు విను.

పదకొండు నెలల ట్రైనింగ్ నాది. 68 కిలోలు. మా జిమ్‌లో ఒక సీనియర్ భుజం తట్టి "నీ షేప్ బాగుంది, 60 క్లాసులో దిగు" అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను గాల్లో తేలిపోయాను. పది వారాలు ఉడకబెట్టిన చికెన్, గుడ్డు తెల్లసొన, ఓట్స్. మా అమ్మ గుత్తొంకాయ కూర చేసిన రోజు కంచం ముందు నుంచి లేచి బయటికెళ్లిపోయాను, వాసనకి ఏడుపొచ్చింది. ఎనిమిదో వారానికి మెట్ల మీద కూర్చుని షూ లేసు కట్టుకుంటే లేవబుద్ధయ్యేది కాదు. బెంచ్ ప్రెస్, అంటే బల్ల మీద పడుకుని ఎత్తే బరువు, 80 కిలోల నుంచి 60కి పడింది. అద్దంలో మాత్రం గీతలు కనిపించేవి, దాంతో అన్నీ సరిగ్గానే ఉన్నాయనుకున్నాను. చివరి రెండు రోజులు ఉప్పు బంద్, చివరి రోజు నీళ్లు కూడా బంద్ అన్నారు. ఎందుకని అడగలేదు. అడగాలని కూడా తెలీదు.

పోటీ ఒక కల్యాణమండపంలో. పొద్దున తొమ్మిదికి బరువులు చూశారు, స్టేజ్ ఎక్కేసరికి రాత్రి ఎనిమిది దాటింది. మధ్యలో పదకొండు గంటలు వంటగది వెనకాల గచ్చు మీద చాపేసుకుని పడుకున్నాం. కండలు తేలి కనపడాలని ఒంటికి పూసుకునే ముదురు రంగు, టాన్ అంటారు, ఒక సీసాని నలుగురం పంచుకున్నాం, నా వంతు వచ్చేసరికి వీపుకి చాల్లేదు. వీపు నాకు కనపడదు కదా అని సరిపెట్టుకున్నాను, జడ్జీలకి కనపడుతుందన్న సంగతి తర్వాత తట్టింది! బెల్లం ముక్క, అరటిపండు తిని, తలుపు వెనక నాలుగు పుష్అప్స్ తీసి లైన్లో నిలబడ్డాం.

పిలిచారు. పదకొండుమందిమి. అందరినీ నాలుగు పక్కలా తిప్పి చూసుకున్నాక, పోల్చి చూడటానికి ఐదు నంబర్లు పిలిచి మధ్యలోకి రమ్మన్నారు. అందులో నా నంబర్ లేదు. మిగతా ఆరుగురం చెరో పక్క జరిగి నిలబడాలి. ఊరికే నిలబడటం అంటారు గానీ అందులో ఊరికే ఏమీ ఉండదు. కాలివేళ్లు నేలని పట్టాలి, తొడలు బిగించాలి, పొట్ట లోపలికి పోవాలి, రెక్కలు విప్పి ఉంచాలి, పైగా మొహాన నవ్వుండాలి. మధ్యలో వాళ్లు ఫ్రంట్ డబుల్ బైసెప్స్ (రెండు చేతులూ మడిచి కండ చూపించడం) నుంచి మొదలుపెట్టి ఏడు పోజులూ కొడుతున్నారు. నేను అంచున, ఫ్యాన్ గాలికి టాన్ ఆరిపోయి చర్మం లాగుతుంటే, నవ్వుతూ. మా నాన్న రెండో వరసలో ఉన్నారు. ఆయన నన్ను చూడకుండా మధ్యలో వాళ్లనే చూస్తున్నారు. అక్కడ పట్టింది కుడి పిక్క. నీళ్లు లేని ఒంట్లో కండ పట్టేసిందంటే సుత్తితో కొట్టినట్టుంటుంది. నవ్వు మాత్రం చెదరనివ్వలేదురా, అదొక్కటే ఆ రోజు నేను సరిగ్గా చేసింది.

ఇంటికొచ్చి స్నానం చేయకుండా పడుకుంటే అమ్మ తెల్ల దుప్పటి మీద మనిషి ఆకారం మిగిలింది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. తర్వాత మూడు వారాల్లో తొమ్మిది కిలోలు పెరిగాను. బిర్యానీలు, పూతరేకులు, ఏది కనిపిస్తే అది. చీలమండలు వాచి చెప్పులు పట్టలేదు. బెంచ్ మళ్లీ 80కి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. నాన్న ఆ రోజు గురించి ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

నా ఒళ్లు బలహీనమని కాదు. మందులు వాడని ఒక బాడీబిల్డర్‌ని పోటీకి ముందు ఆరు నెలలూ తర్వాత ఆరు నెలలూ గమనించి 2013లో పరిశోధకులు ఫలితాలు అచ్చువేశారు. అతను కొత్తవాడు కాదు, అనుభవం ఉన్నవాడు, తీరిగ్గా ఆరు నెలలు తీసుకుని బరువు దిగాడు. అయినా గుండె నిమిషానికి 50 పైన కొట్టుకునేది 27కి వచ్చింది. టెస్టోస్టిరాన్ నాలుగో వంతుకి పడిపోయింది. పోటీ అయ్యాక అవి తేరుకున్నాయి గానీ, ఆరు నెలలైనా బలం పూర్తిగా వెనక్కి రాలేదు. నువ్వు దాన్ని మూడు నెలల్లో, ఆఫీసు నైట్ షిఫ్టులతో చేస్తానంటున్నావు.

నువ్వేమంటావో తెలుసు. "ఆర్నాల్డ్ 18 ఏళ్లకే పోటీకెళ్లాడు" అంటావు. నిజమే. 1965లో ఆస్ట్రియా సైన్యంలో ఉండగా చెప్పకుండా బయటపడి, స్టుట్‌గార్ట్‌లో జూనియర్ మిస్టర్ యూరప్ గెలిచి, తిరిగొచ్చి సైనిక జైల్లో కూర్చున్నాడు. కానీ అప్పటికి అతను ఇనుము పట్టి మూడేళ్లు దాటింది, అదీ ఇంకో ధ్యాస లేకుండా. అంతటివాడే మరుసటి ఏడాది లండన్‌లో మిస్టర్ యూనివర్స్ పోటీలో రెండోవాడయ్యాడు. 1968లో అమెరికాలో దిగి, తనకన్నా చాలా చిన్న ఒళ్లున్న ఫ్రాంక్ జేన్ చేతిలో ఓడిపోయాడు. జేన్ ఒళ్లు చెక్కినట్టుంది, ఆర్నాల్డ్ ఒళ్లు పెద్దదిగా ఉంది, అంతే తేడా. చెక్కడమనేది కష్టమే, కాదనను. కానీ చెక్కాలంటే ముందు రాయి ఉండాలి కదరా. మనకింకా రాయే రాలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

అలాగని "పూర్తిగా రెడీ అయ్యాకే" అనే జపం కూడా నాకు నచ్చదు. మా జిమ్‌లో ఒక బాబాయి ఉన్నాడు, పాతకాలం తాలింఖానా (వ్యాయామశాల) మనిషి, కోడి రామమూర్తి గారి కబుర్లు చెబుతూ పిల్లలకి దండీలు నేర్పుతాడు. ఆయన కాళ్లు చూస్తే ఎవరైనా నోరు తెరవాల్సిందే. ఒక్కసారీ స్టేజ్ ఎక్కలేదు. పిక్కలు ఇంకా రావాలి, వచ్చే ఏడు చూద్దాం అంటూ యాభై దాటేశాడు. ఈ మధ్య పోటీల రోజు జిమ్‌కి రావడమే మానేశాడు. పోటీకి వెళ్లడమంటే గెలవడానికే అనుకుంటే ఇలాగే అవుతుంది. మనోహర్ ఐచ్‌ని చూడు, మన దేశం మనిషి, నాలుగడుగుల పదకొండంగుళాలు. 1951లో మిస్టర్ యూనివర్స్‌కి లండన్ వెళ్లి రెండోస్థానంతో ఆగాడు. ఇంటికి రాకుండా అక్కడే రైల్వేలో పనిచేసుకుంటూ ఉండిపోయి, 1952లో తన ఎత్తు విభాగంలో గెలిచాడు. అప్పటికి వయసు నలభై ప్రాంతం. ఓడిన పోటీ ఆయనకి పనికొచ్చింది, ఎందుకంటే వెళ్లేటప్పటికే చేతిలో సరుకుంది, తక్కువైంది కొద్దిగానే. నాకు 2009లో ఎంత తక్కువైందో కూడా తెలీలేదు.

"మెన్స్ ఫిజిక్‌లో దిగితే షార్ట్స్ వేసుకుంటారు, తొడలు కనపడవు" అని మీ కోచ్ చెప్పిన మాటకి మాత్రం నవ్వొచ్చింది. తొడలు దాచుకోవడానికి ఎంచుకున్న క్లాసులో, భుజాలూ నడుమూ ఇంకా ఎక్కువ చూస్తారు. ఆయన ప్యాకేజీకి ఎంత తీసుకుంటున్నాడో రాయలేదు. ఎంట్రీ ఫీజు, టాన్, స్టేజ్ మీద వేసుకునే ట్రంక్, సప్లిమెంట్లు అవన్నీ వేరే అని చెప్పాడా?

ఇంకొకటి, ఇది మాత్రం సరదాగా కాదు. చివరి వారంలో "నీళ్లు దింపే మాత్ర" అని ఎవడైనా అంటే ఆ రోజే చెప్పులేసుకుని వచ్చెయ్. ఆ మాత్ర నీళ్లతోపాటు ఒంట్లో పొటాషియం లెక్కనీ తప్పిస్తుంది, గుండె లయ తప్పొచ్చు. మొహమ్మద్ బెనజీజా అని అంతర్జాతీయ స్థాయి ప్రొఫెషనల్, 1992లో హాలండ్‌లో పోటీ గెలిచి ఆ వెంటనే చనిపోయాడు. ఇలాంటి మాత్రలే కారణమన్నారు. గెలిచినవాడి సంగతే అది.

అయితే ఏం చేయమంటావ్ అంటావా. ఏడాదిన్నర తిను, లెక్క పెట్టుకుని తిను, స్క్వాట్‌కి భయపడకు. ఈలోపు పోజింగ్ మొదలుపెట్టు, దానికి కండతో పనిలేదు, ఓపికుంటే చాలు. ఒక్కో పోజు ముప్ఫై సెకన్లు పట్టి ఉంచు, మోకాళ్లు వణుకుతాయి. లాట్ స్ప్రెడ్, అదే రెక్కలు విప్పి చూపే పోజు, వీడియో తీసి పంపు. చెల్లెమ్మని తీయమను, నువ్వే తీసుకుంటే ఎప్పుడూ మంచి యాంగిలే తీస్తావు. అప్పటికీ దిగాలనిపిస్తే కోచ్‌కిచ్చే డబ్బుతో నాలుగైదు నెలల తిండి కొనుక్కో, నేను దగ్గరుండి బరువు దింపుతాను. ఆఖరైనా సరే వెళ్దాం. మా జిమ్ కుర్రాడొకడు పోయినసారి నలుగురిలో మూడోవాడొచ్చి, ఊరంతా మెడల్ వేసుకు తిరిగాడు. వాడు రెండేళ్లు కండ పెంచాక, నెమ్మదిగా బరువు దిగాడు, పోటీ అయిన మర్నాడు మామూలుగా ఇడ్లీ తిన్నాడు. అలా అయితే నాకేం అభ్యంతరం లేదు.

డిసెంబరులో ఆ కుర్రాడు మళ్లీ దిగుతున్నాడు, మా ఊళ్లోనే. స్టేజ్ వెనక వాడికి టాన్ పూయడానికీ, ఆకలేసి అరిస్తే పడటానికీ ఒక మనిషి కావాలి. నువ్వు రా. పొద్దున బరువులు చూసే దగ్గర్నుంచి రాత్రి దాకా వాడి పక్కనే ఉండు. శుక్రవారం రాత్రి గౌతమి ఎక్కితే తెల్లారేసరికి ఇక్కడుంటావు, స్టేషన్‌కి నేనే వస్తాను.

పాత తువ్వాళ్లు రెండు తెచ్చుకో. ఆ దుప్పటి సంగతి అమ్మ మా ఆవిడకి చెప్పేసింది, ఇంట్లోవి ఇవ్వదు.

నీ
రాంబాబు