బుజ్జీ, గ్లవ్స్ వేసుకుంటున్నావా

బుజ్జీ,

ఫోన్ ఎత్తట్లేదు కదా, ల్యాబ్‌లో ఉంటావులే అని మెయిల్ పెడుతున్నా, తీరిగ్గా చదువుకో. ఇక్కడ అంతా కులాసా. నాన్నకి షుగర్ కంట్రోల్‌లోనే ఉంది, వాకింగ్ మాత్రం మానేశారు, నువ్వు చెప్తే వింటారు.

మొన్న పెళ్ళిలో రాజమండ్రి అత్త కనపడింది. బుజ్జి ఆ సమేరియం ప్రాజెక్ట్ వదిలేసి ఏదో కంపెనీలో డేటా పని చూసుకుంటోందటగా అంది. ఏమో నాకు తెలీదు వదినా అన్నాను. నేనేం అడగట్లేదు, ఊరికే చెప్తున్నా.

నువ్వు పంపిన పేపర్లు నిదానంగా చదివా. మేం కెమిస్ట్రీ క్లాసులో ఏం చెప్పేవాళ్ళం, లాంథనైడ్లంటే, అదే సీరియం, సమేరియం, యూరోపియం కుటుంబం, మూడు ఎలక్ట్రాన్లు వదులుకుని +3 అయిపోతాయి, 4ఎఫ్ ఎలక్ట్రాన్లు 5ఎస్, 5పీ పొరల చాటున దాక్కుంటాయి, బయట ఏ లిగాండ్, అంటే లోహాన్ని పట్టుకునే అణువో అయానో, వచ్చినా వాటికి పట్టదు, రంగు కూడా పెద్దగా మారదు, అంతే, పాఠం అయిపోయింది. +3 రంగుల వరకూ నిజమే గానీ ఎలక్ట్రాన్ ఇచ్చిపుచ్చుకునే దగ్గరికొచ్చేసరికి లిగాండ్‌దే పెత్తనం, ఎలక్ట్రాన్ని ఎంత బలంగా లాక్కుంటుందో చెప్పే పొటెన్షియల్ దాన్నిబట్టే మారుతుంది.

సీరియం కథ నీకు చెప్పే ఉంటా, మళ్ళీ విను. ఫైనలియర్ ప్రాక్టికల్స్‌లో ఫెర్రస్ ఇనుముని సీరిక్ సల్ఫేట్‌తో టైట్రేట్ చేయించేవాళ్ళం, సూచికగా వేసిన ఫెరోయిన్ ఎర్రగా ఉండి ఉండి ఒక్క చుక్కకి లేత నీలంలోకి తిరిగేది. ఒక పిల్ల లేచి, మేడమ్, ఒక పుస్తకంలో సీరియం పొటెన్షియల్ 1.44 వోల్ట్ అనీ ఇంకోదాన్లో 1.61 అనీ ఉంది, ఏది రాయాలి అంది. మా హెడ్ గారు అచ్చుతప్పు, కొట్టేయమ్మా అన్నారు. నాకు ఆగుతుందా? సాయంత్రం ఆ పిల్లనే కూర్చోబెట్టి, సీరిక్ (+4), సీరస్ (+3) సగం సగం కలిపి, ప్లాటినం తీగ, పోల్చి చూడ్డానికి కాలోమెల్ ఎలక్ట్రోడ్ ముంచాం. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మీటర్ 1.2 దగ్గర నిలబడింది, కాలోమెల్‌ది 0.24 కలుపుకుంటే 1.44. నైట్రిక్‌లో చూస్తే 1.37, అంటే 1.61. రెండూ కరెక్టే! సల్ఫేట్ సీరియం +4 ని గట్టిగా పట్టుకుంటుంది, +3 ని అంతగా పట్టుకోదు, అందుకని +4 ఎలక్ట్రాన్ తీసుకుని కిందికి దిగడానికి అంత ఇష్టపడదు, పొటెన్షియల్ తగ్గుతుంది. దాదాపు అసలు పట్టుకోని పెర్క్లోరేట్‌లో అయితే 1.70. హెడ్ గారు వచ్చి అంతా చూసి, సరేగానీ పరీక్షకి 1.44 రాయించండి అని వెళ్ళిపోయారు. ఆ పిల్ల మాత్రం బస్సు పోయినా కదల్లేదు, మీ నాన్నే స్కూటర్ మీద దింపొచ్చారు.

నీ పేపర్లలో యూరోపియం కూడా అదే లెక్క కదా. నీళ్ళలో −0.35, ఈడీటీఏ అనే లిగాండ్ తగిలిస్తే +3 కే బలం, ఇంకా కిందికి పోతుంది. అదే లేన్ గారి క్రిప్టాండ్ అనే పంజరంలాంటి లిగాండ్‌లో పెడితే కాస్త లావుగా ఉండే +2 కి ఆ పంజరం సరిగ్గా సరిపోయి నిలబడుతుంది. ఆయనకి 1987లో నోబెల్ ఊరికే ఇవ్వలేదు.

నీ సమేరియం డైఅయోడైడ్ దగ్గరే నాకు భయం. 1977లో కేగన్ అనే కెమిస్ట్ మొదలుపెట్టిన దగ్గర్నుంచీ అందరికీ అదే ముద్దు, టీహెచ్‌ఎఫ్ అనే ద్రావణిలో ముదురు నీలం, హెచ్‌ఎంపీఏ అనే లిగాండ్ వేస్తే ఊదా, పొటెన్షియల్ −1.33 నుంచి −2.05 కి పడిపోతుందట. హెచ్‌ఎంపీఏ తన ఆక్సిజన్‌తో +3 ని అంత బాగా ఆదుకుంటుంది కాబట్టి +2 ఎలక్ట్రాన్‌ని వదిలించుకోవాలని చూస్తుంది. బాగానే ఉంది గానీ ఆ హెచ్‌ఎంపీఏ పీల్చిన ఎలుకలకి ముక్కులో కాన్సర్ వచ్చిందే తల్లీ! ఫ్యూమ్ హుడ్ బయట సీసా మూత తీయకు, గ్లవ్స్ రెండు జతలు వేసుకో, ఫోన్ ఆ చేతులతో ముట్టుకోకు. అందుకే ఫోన్ ఎత్తట్లేదేమో, అలా అయితే సంతోషమే.

ఒకవేళ మీ గైడ్‌తో పడట్లేదనుకో, గ్రూప్ మార్చుకో, మధ్యలో సమేరియం ఏం చేసింది పాపం. అమెరికాలో ఈర్వైన్‌లో ఈవాన్స్ గారి గ్రూప్ వాళ్ళు లావుపాటి సైక్లోపెంటాడైఈనైల్ లిగాండ్లు పెట్టి 2013కల్లా ప్రొమీథియం తప్ప లాంథనైడ్లన్నిటికీ +2 తెప్పించారు. నేను ఎన్ని బ్యాచ్‌లకి అది కుదరదని చెప్పానో. జీతం వచ్చే ఉద్యోగం తప్పని నేననట్లేదు. అయినా పరిశోధన నాలుగో ఏడులో... సరే, అడగనన్నాను కదా.

అన్నం తింటున్నావా, ఆ బ్రెడ్డు ముక్కలేనా? ఎదురింటి అబ్బాయి వచ్చే నెల మీ ఊరు మీదుగానే వెళ్తున్నాడు, ఆవకాయ, కందిపొడి కట్టిస్తున్నా. అడ్రస్ పాతదేనా, మారిందా? అది మాత్రం మెసేజ్ పెట్టు, చాలు.

అమ్మ