ఇంటి రోబో కొనేముందు బాగుచేసేవాళ్లెవరో అడగండి

సంపాదకులకు నమస్కారం.

ఇంటి రోబోలు అనగానే పేపర్లలోనూ టీవీల్లోనూ మనిషిలా నడిచే బొమ్మల ఫొటోలే వస్తున్నాయి, బట్టలు మడతపెడుతున్నట్టు, కప్పు చేతికి అందిస్తున్నట్టు. అవి చూసి మా ఎదురింటావిడ "మీ రోబో కాఫీ పెడుతుందాండీ?" అని అడిగింది. పెట్టదు. పళ్లెం సైజులో గుండ్రంగా ఉంటుంది, నేల ఊడుస్తుంది, తడిగుడ్డ పెడుతుంది, అంతే. ఏడాదిన్నరగా దానితో వేగుతున్నదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాకు మోకాలి ఆపరేషన్ అయ్యాక వంగి ఊడవద్దన్నారు డాక్టరుగారు. పనమ్మాయి పొద్దున్నే ఊడ్చి వెళ్తుంది గానీ మాది రోడ్డు పక్క ఇల్లు, సాయంత్రం దీపం పెట్టే వేళకి కాలు పెడితే గరగరలాడుతుంది. అందుకని దసరాకి వస్తూ మా అబ్బాయి హైదరాబాద్ నుంచి దీన్ని తెచ్చాడు. మొదటి వారమంతా దాని వెనకాలే తిరిగాను, ఎక్కడ ఏది పడేస్తుందో అని. పైన చిన్న టోపీలాంటిది ఉంటుంది, అందులో లేజర్ తిరుగుతూ గోడ ఎక్కడుందో, మంచం కోడు ఎక్కడుందో కొలుచుకుని ఫోన్లో మా ఇంటి ప్లాను గీసేసింది. మా పందిరి మంచం కింద నుంచి అది లాక్కొచ్చిన దుమ్ము చూసి నిజంగా సిగ్గేసింది. ఇన్నేళ్లూ అక్కడిదాకా చీపురు వెళ్లిందే లేదన్నమాట.

అయితే మన ఇళ్లతో దానికి పేచీలున్నాయి. మా టేకు గడప మూడంగుళాలు, అది రెండు సెంటీమీటర్ల ఎత్తు ఎక్కడానికే ఆయాసపడుతుంది. "గడప తీయించేద్దాం అమ్మా" అన్నాడు మా వాడు. పసుపు రాసి బొట్టు పెట్టే గడపని ఓ మిషన్ కోసం తీయిస్తామా? చేత్తో ఎత్తి అవతల గదిలో పెడుతున్నాను. ఇంకొకటి, వంటింటి గుమ్మంలో నల్ల గ్రానైటు పట్టీ. మెట్ల మీంచి పడిపోకుండా రోబో అడుగున సెన్సార్లుంటాయి, కంటికి కనపడని కాంతిని నేల మీదికి పంపి అది తిరిగొస్తే నేల ఉంది, రాకపోతే గొయ్యి ఉంది అనుకుంటుంది. నల్లరాయి ఆ కాంతిని మింగేస్తుంది కదా, పాపం అక్కడికి రాగానే నుయ్యి చూసినట్టు ఆగి వెనక్కి తిరుగుతుంది. శుక్రవారం దేవుడి దగ్గర పెట్టిన ముగ్గుని మాత్రం ఏ భయం లేకుండా ఊడ్చేసింది. ఇప్పుడు అక్కడికి రాకుండా ఫోన్లో గీత గీశాం.

"నన్ను మాన్పించేస్తారా అమ్మగారూ?" అని మా పనమ్మాయి అడిగింది మొదట్లో. అంట్లు, బాత్రూం, మేడమెట్లు, గది మూలలు, ఇవేవీ దాని వల్ల కావు. ఇప్పుడు దాని చెత్త డబ్బా దులిపేదీ, బ్రష్షుకి చుట్టుకున్న వెంట్రుకలు కత్తిరించేదీ ఆ అమ్మాయే. అన్ని పనులూ చేస్తుందంటూ అమెరికాలో ఒక కంపెనీ 2025 అక్టోబరులో నియో అనే మనిషి రోబోకి బుకింగులు మొదలుపెట్టింది. ఖరీదు 20 వేల డాలర్లు, అంటే మన డబ్బుల్లో 17 లక్షల పైమాటే. దానికి చేతకాని పని వస్తే కంపెనీ మనిషి ఎక్కడో కూర్చుని, కళ్లకి పెట్టె తగిలించుకుని, దాని కళ్లతో మన ఇల్లు చూస్తూ ఆ పని చేయిస్తాడట. ఉన్న పనమ్మాయిని వదులుకుని ముఖం తెలియని పనివాణ్ణి ఇంట్లోకి పిలవడమేగా ఇది!

అసలు నా బాధ వేరే. ఏడాది తిరిగేసరికి మా రోబో బ్యాటరీ దిగిపోయింది, హాలు సగం ఊడవగానే సొమ్మసిల్లేది. కంపెనీకి ఫోన్ చేస్తే హిందీ, ఇంగ్లీషు తప్ప తెలుగు లేదు, మా ఊళ్లో సర్వీస్ సెంటర్ లేదు, పార్సిల్ కట్టి పంపమన్నారు. పంపిస్తే తిరిగొచ్చేసరికి 40 రోజులు. ఈలోగా మా వీధిలో మిక్సీలు బాగుచేసే కుర్రాడు "బ్యాటరీ తెప్పిస్తే నేను మార్చేస్తానమ్మా" అన్నాడు, కానీ ఆ బ్యాటరీ బయట అమ్మరు. వచ్చాక ఇంకో తంటా. వైఫై డబ్బా మార్చాం, ఈ రోబో 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ తప్ప ఇంకోటి పట్టుకోదట, మళ్లీ మా అబ్బాయి వచ్చేదాకా ఫోన్ మాట వినలేదు. మీద బటన్ ఉంది గనక ఊడవడం ఆగలేదు, అదే అదృష్టం.

బటన్ కూడా లేనివాటి గతి ఏమిటి? జీబో అని మాట్లాడే రోబో 2017లో వచ్చింది. కంపెనీ మూతపడి, దూరం నుంచి దాన్ని నడిపించే కంప్యూటర్లు (సర్వర్లు) ఆపేస్తుంటే 2019లో అది తన యజమానులకి తనే వీడ్కోలు చెప్పింది. పిల్లలతో కబుర్లాడే మాక్సీ రోబోని చేసిన కంపెనీ 2024 డిసెంబరులో ఇలాగే చేతులెత్తేసింది. నిన్నటిదాకా కబుర్లు చెప్పిన బొమ్మ ఇక మాట్లాడదని పిల్లలకి ఎలా చెప్తారు? బొమ్మ మన ఇంట్లో, దాని బుర్ర వాళ్ల ఇంట్లో!

సోనీ వాళ్ల రోబో కుక్క ఐబో కథ ఇంకోలా నడిచింది. 1999లో వచ్చింది, 2006లో తయారీ ఆపేశారు, 2014లో కంపెనీ రిపేర్లు కూడా మానేసింది. అప్పుడు సోనీలో చేసి బయటికొచ్చిన ఇంజనీర్లు కొందరు వాటిని బాగుచేయడానికి పూనుకున్నారు. కొత్త విడిభాగాలు లేవు కాబట్టి పాడైపోయిన ఐబోల నుంచి తీసి బతికున్నవాటికి వేసేవారు, అచ్చం అవయవదానమే. విప్పేముందు జపాన్‌లోని ఇసుమిలో ఒక బౌద్ధాలయంలో వాటికి కర్మకాండ కూడా జరిపించారు. చదివి నేను నవ్వలేదు, మా రోబో 40 రోజులు లేనప్పుడు మా ఆయన రెండుసార్లు దాని ఖాళీ స్టాండు తుడిచారు మరి.

మన దేశంలో రిపేరు హక్కు పేరుతో 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక పోర్టల్ పెట్టింది. ఫోన్లు, ట్రాక్టర్లు, ఇంటి సామాను లాంటివి అందులో చేర్చారు. ఇంటి రోబోల విషయంలో ఆ హక్కుని గట్టిగా అమలు చేయమని నా మనవి. బ్యాటరీ, బ్రష్షు ఎన్నేళ్లు దొరుకుతాయో డబ్బా మీద రాయాలి, నెట్ లేకపోయినా కనీసం ఊడవగలగాలి. మా ఇంటి ప్లాను ఎవరి దగ్గర ఉంటుందో కూడా చెప్పాలి, తెలుగులో చెప్పాలి. వెర్రి అనుమానమేం కాదు, 2020లో ప్రయోగానికి పెట్టిన రూంబాలు (అవీ నేల ఊడ్చే రోబోలే) ఇళ్లలో తీసిన ఫొటోల్లో టాయిలెట్ మీద కూర్చున్న ఒకావిడ ఫొటో కూడా ఉంది, అది నెట్లోకి పాకింది.

మీరు కూడా ఒక పని చేసిపెట్టండి. ఇలాంటి మిషన్లని మన జిల్లాల్లో ఏ ఊళ్లో ఎవరు బాగుచేస్తున్నారో, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కుని జిల్లా పేజీలో వేయండి. మా మిక్సీల కుర్రాడు పేపరులో చూసి ఆ విడిభాగాలు తెప్పించుకుంటాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కాకినాడ