కత్తుల బావి కథ సరే, కొండవీటి చరిత్ర మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో మీరు కొండవీటి కోట మీద పూర్తి పేజీ కథనం వేశారు. ఫొటోలు బాగున్నాయి. వ్యాసం చదివాక మాత్రం రెండు మూడు రోజులు ఊరుకుందామనే చూశాను. మా వీధిలో పిల్లలు అదే పేజీ చూపించి "నిజమేనా తాతగారూ?" అని అడగడం మొదలుపెట్టాక ఇక రాయక తప్పలేదు.

కొండ కింద కోట గ్రామంలోని గోపీనాథస్వామి గుడిలో శ్రీకృష్ణదేవరాయలు, ఆయన మంత్రి తిమ్మరసు కలిసి డెబ్బై ఇద్దరు రెడ్డి ప్రభువులను దర్శనానికి పిలిచి, ఒక్కొక్కరినీ కత్తులు పాతిన బావిలోకి పంపి చంపించారని రాశారు. "అంటారు", "చెప్పుకుంటారు" లాంటి మాట ఒక్కటైనా లేదు. సాక్షాత్తూ మీ విలేకరే బావి గట్టున నిలబడి చూసినట్టుంది. కొండవీటి రెడ్డి రాజ్యం 1424లో రాచవేమారెడ్డితోనే ముగిసింది. రాయలు కోట పట్టింది 1515లో. నడుమ తొంభై ఏళ్లు. అప్పుడు కోటలో ఉన్నది ఒడిశా గజపతుల సైన్యం, పట్టుబడింది ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు. రాజ్యం పోయి తొంభై ఏళ్లయ్యాక ఆ డెబ్బై ఇద్దరు ప్రభువులు ఎక్కడినుంచి వచ్చారో మీ విలేకరి చెప్పాలి.

కథలు వద్దని నేననడం లేదు. కత్తుల బావి కథ మా అమ్మమ్మ చెబుతుంటే దుప్పటి ముసుగేసుకుని విన్నవాణ్ణే. కథని కథగా చెప్పండి, ఎవరూ కాదనరు.

పురిటి సుంకం సంగతీ అంతే. రాచవేముడు బిడ్డ పుట్టిన ప్రతి ఇంటి మీదా పన్ను వేశాడని, సవరం ఎల్లయ్య అనేవాడు ఆ పన్ను కట్టలేక కడుపుమండి రాజును పొడిచి చంపాడని కైఫీయత్తుల్లో, అంటే ఊళ్ల పాత చరిత్ర రాతల్లో, ఉంది. గ్రామ కరణాలు తరతరాలుగా రాసిపెట్టుకున్న కవిలెల్లో నిజమూ ఉంటుంది, కోపమూ ఉంటుంది. జనానికి ఆ రాజు మీద ఎంత కసి ఉండేదో ఆ కథ చెబుతుంది. కానీ అదే రాచవేముడి గురించి రాతి మీద చెక్కిన సాక్ష్యం మరొకటుంది. వాళ్ల అమ్మ, పెదకోమటి వేమారెడ్డి రాణి సూరాంబ, ఫిరంగిపురం దగ్గర సంతాన సాగరం అనే చెరువు తవ్వించింది. ఆ చెరువుకు నీళ్లు రావడానికి కొడుకు జగనొబ్బగండ కాలువ తవ్వించాడు. ఫిరంగిపురం, అమీనాబాదుల్లోని ఈ శాసనాల్లో మాటలు కూర్చింది కొండవీటి ఆస్థాన విద్యాధికారి, కవి శ్రీనాథుడు. అమ్మ చెరువుకు కాలువ తవ్వించినవాడు పురిటింటి మీద పన్ను వేసిన దుర్మార్గుడిగా ఎలా మిగిలిపోయాడు? ఏదైనా పేజీ నింపాలనుకుంటే ఈ ఒక్క ప్రశ్న చాలదా? మీ వ్యాసంలో సూరాంబ పేరు లేదు, చెరువు లేదు, కాలువ లేదు. శ్రీనాథుడికి మాత్రం ఫొటో కింద అర వాక్యం దక్కింది. పోనీ, అదే పదివేలు!

పైగా వేమన ఆ రెడ్డి రాజవంశంలో పుట్టాడని ఒక పెట్టెకట్టి మరీ వేశారు. ఆయన 17వ శతాబ్దం వాడని చాలామంది పరిశోధకులు అంటున్నారు. అదైనా పక్కన ఒక ముక్క రాస్తే సరిపోయేది.

ఇక్కడ పత్రికనే అని లాభం లేదనుకోండి. కొండ మీదికి వెళ్లినవాడికి ఇంతకన్నా ఏం దొరుకుతుంది? ఘాట్ రోడ్డు వేశారు, సంతోషం. కాళ్ల నొప్పులున్న నాలాంటి వాళ్లకి అది లేకపోతే కొండ ఎక్కే యోగమే లేదు. కానీ పైకి వెళ్లాక ఏది ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పే దిక్కు లేదు. కోట ద్వారాల్లో కొలేపల్లి దర్వాజా ఏది, నాదెళ్ల దర్వాజా ఏది అంటే అక్కడున్న కుర్రాళ్లు సెల్ఫీ పాయింట్ వైపు చెయ్యి చూపిస్తున్నారు. ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు ఒకదానికొకటి ఎలా కలుస్తాయో, కొండ మీద పడ్డ వాననీళ్లను అప్పటివాళ్లు ఎలా నిలబెట్టారో చూపించే పటం ఒక్కటి పెడితే ఇంజనీరింగ్ పిల్లలు బస్సులేసుకొచ్చి చూస్తారు. ఇప్పుడు బస్సులేసుకొచ్చేవాళ్లు బిర్యానీ పొట్లాలు, ప్లాస్టిక్ సీసాలు వదిలిపోతున్నారు. గోడల మీద ప్రేమజంటల పేర్లు చూస్తే, రెడ్డి రాజు అనవోతారెడ్డి అద్దంకి నుంచి రాజధానిని ఇక్కడికి మార్చింది వీళ్ల కోసమేనా అనిపిస్తుంది.

ఈ విషయమై సంబంధిత కార్యాలయానికి అర్జీ పెట్టాను. "మీ అర్జీ తగు చర్య నిమిత్తం పంపబడినది" అని జవాబు వచ్చింది. ఎక్కడికి పంపారో, ఆ తగు చర్య ఏమిటో ఆ దేవుడికే ఎరుక. అడవి ఒకరిది, కట్టడాలు ఒకరివి, రోడ్డు ఇంకొకరిది, టూరిజం మరొకరిది. గుప్తనిధులని రాత్రిళ్లు గునపాలు పట్టుకుని గుడి పునాదులు తవ్వేవాళ్లు మాత్రం ఎవరి పర్మిషనూ అడగరు. ఇలా చెప్పుకుంటూ పోతే కొండవీటి చాంతాడంత అవుతుంది.

ఉత్సవాలు చేసినప్పుడు చూడాలి మన హడావిడి! లైటింగు, స్టేజీ, సినిమా పాటలు, నాయకుల ఫ్లెక్సీలు. ఫ్లెక్సీల మీద రెడ్డి రాజ్యం స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి కన్నా వార్డు నాయకుడి బొమ్మే పెద్దది. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన రాజు ఆయన. ఎర్రనను ఆదరించింది ఆయన. మైకు పట్టుకున్న ఒక్కరైనా ఈ మాట చెబితే వినాలని చివరిదాకా కూర్చున్నాను. సన్మానాల శాలువాలు అయిపోయాయి గానీ ఆ మాట రాలేదు.

కోట రెడ్లదొక్కరిదే అన్నట్టు రాయడం కూడా సరికాదు. గజపతులు ఏలారు, రాయలు పట్టాడు, తిమ్మరసు మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి పాలించాడు, గోల్కొండ వాళ్లు వచ్చి ముర్తుజానగర్ అని పేరు మార్చారు. 1788లో గుంటూరు సర్కారు ఈస్టిండియా కంపెనీ వాళ్ల చేతికి వెళ్లింది. పెత్తనం గుంటూరుకు దిగాక కొండను పట్టించుకున్న నాథుడు లేడు. ఇప్పటి శిథిలాలకు ఫిరంగులతో పాటు ఈ నిర్లక్ష్యానికీ వాటా ఉంది. మీ వ్యాసం రెడ్డి రాజులు, రాయల కత్తులు దాటి ముందుకు రాలేదు.

అందుచేత నేను కోరేది ఇంతే. వచ్చే ఆదివారం ఒక చిన్న సవరణ వెయ్యండి: కత్తుల బావి జనశ్రుతి అని, 1424కీ 1515కీ మధ్య దూరం ఇదీ అని. వీలైతే ఫిరంగిపురం, అమీనాబాదు శాసనాల మీద చదువుకున్నవాళ్ల చేత ఒక వ్యాసం రాయించండి. అధికారులకు నా మనవి కూడా ప్రచురిస్తే మేలు. వచ్చే సీతాఫలాల సీజనుకు కొండ మీదికి జనం ఎలాగూ వస్తారు. ఆ లోపు రెండు దర్వాజాల దగ్గరా, మూడు చెరువుల దగ్గరా తెలుగులో, అచ్చుతప్పులు లేకుండా బోర్డులు పెట్టించండి. బోర్డు మీద ఎవరి ఫొటో వేసుకున్నా అభ్యంతరం లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నరసరావుపేట.