గూడూరు తాతయ్యకు

తాతయ్యా,

ఇక్కడ నేను బాగున్నాను. నీ మోకాలి నొప్పి కాస్త తగ్గిందని అమ్మ చెప్పింది. మొన్న ఫోన్లో "ఇంతకీ అక్కడ నువ్వు చేసే పనేందిరా" అని అడిగావు, డ్యూటీకి టైమైందని పెట్టేశాను. ఆదివారం కదా, తీరిగ్గా రాస్తున్నా.

నేనుండేది జెనీవా పక్కన, సెర్న్ అనే పెద్ద భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రంలో. పేపర్లో వచ్చే ఆ 27 కిలోమీటర్ల సొరంగం మాది కాదు. మాది ఐసోల్డే, రేడియోధార్మిక పరమాణువుల్ని తయారుచేసే చోటు, 1967 నుంచి నడుస్తోంది. నా చేతిలో ఉన్నది మాలిబ్డినం ఆక్సైడ్ స్ఫటికం. చూస్తే నవ్వుతావు, అచ్చం మన మైకానే! పల్చటి పలక, టేపు అంటించి లాగితే పొర ఊడొస్తుంది. ఒక్కో పొర మందం 0.7 నానోమీటర్లే. నువ్వు సైదాపురం షెడ్డులో చీల్చేటప్పుడు కత్తి మొన పొరల మధ్య ఇట్టే దిగేది, అడ్డంగా పెడితే మొరాయించేది కదా. దీనికి ఇంకో తిరకాసుంది. ఒకే పొరలో కూడా నిలువుది ఒక తీరు, అడ్డానిది ఇంకో తీరు.

ఆ తేడా ఒక్క పరమాణువు దగ్గర ఎలా ఉందో చూడాలి. అక్కడికి కత్తి పోదు. అందుకని రేడియోధార్మిక కాడ్మియాన్ని లోపలికి పంపుతాం. కరిగిన తగరాన్ని ప్రోటాన్లతో కొడితే పుడుతుందిది. దాని కేంద్రకం ఒకదాని వెనక ఒకటి రెండు గామా కిరణాలు వదులుతుంది. మధ్యలో వ్యవధి సెకనులో కోటో వంతు. ఆ కాస్తలోనే చుట్టూ ఉన్న పరమాణువుల విద్యుత్ లాగుడికి కేంద్రకం బొంగరంలా తలూపుతుంది, దాన్నిబట్టి రెండో కిరణం పోయే దిక్కు మారుతుంది. చుట్టూ పెట్టిన డిటెక్టర్లు ఆ ఊపుని పట్టుకుంటాయి. ఒక అక్షం చుట్టూ లాగుడు అంతటా సమానమైతే ఆ ఊపులో మూడు లయలు 1:2:3 లెక్కన వస్తాయి. నిలువూ అడ్డం వేరైతే ఆ లెక్క తప్పుతుంది. ఎంత తప్పిందన్నదే మాకు కావలసింది.

టెన్షనంతా టైముతోనే. ఈ కాడ్మియం 48 నిమిషాలకి సగమైపోతుంది. ఆలోపే స్ఫటికాన్ని కొలిమిలో పెట్టి, కాడ్మియం దూరినప్పుడు లోపల తగిలిన దెబ్బలు మాన్పి, డిటెక్టర్ల మధ్య నిలబెట్టాలి. మొన్న రాత్రి మూడింటికి కంగారులో పలకని ఒరగబెట్టి అంటించాను. లయలు సరిగ్గానే ఉన్నాయి, ఏది గట్టిగా ఏది మెల్లగా వినిపించాలో అదే తారుమారైంది. గంటసేపు తల పట్టుకున్నాక గానీ తప్పు నాదని తెలియలేదు, అప్పటికి కాడ్మియం సగానికి పైగా పోయింది. నువ్వైతే బొటనవేలితో తడిమి చెప్పేవాడివి.

ట్రంకుపెట్టెలో దాచిన అరచెయ్యంత మైకా పలక ఇంకా ఉందా? జనవరిలో వచ్చినప్పుడు ఒక్క పొర చీల్చి ఇవ్వు, మా వాళ్లకి చూపిస్తాను. మిగతాది నీ దగ్గరే ఉంచుకో.

బీపీ మాత్ర మానొద్దు. అమ్మమ్మని అడిగానని చెప్పు.

నీ మనవడు